మార్తమ్మత్త తీసిన రెండో చీటీ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ప్రొద్దుటూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. పళ్ళ డాక్టరు నెలకోసారి బయటి ఊరి నుంచి వచ్చేవాడు. ఆ రోజు పనిముట్లు ఉడకబెట్టి అందించడం, రోగి తల కదలకుండా పట్టుకోవడం నా పని.

ముద్దనూరు దగ్గరి పల్లె నుంచి మార్తమ్మత్త వచ్చింది. మా చర్చి సంఘపు మనిషే. చదువురాని ఆడవాళ్ళను తన వాకిట్లో కూర్చోబెట్టి బైబిలు వాక్యం చెప్పేది. కింది పళ్ళన్నీ ఊడిపోయాక ఆమె మాట జారిపోతూండేది.

"పిల్లోళ్ళు నా మాదిరే మాట్లాడి నవ్వుతాండారు పాపా. వాళ్ళ సంగతట్లుండనీ, పెద్దోళ్ళకే సగం అర్థం గావడంల్యా. పళ్ళ సెట్టు కట్టీమని చెప్పు మీ డాక్టరుకు" అంది.

డాక్టరు చూశాడు. కింది దవడ లోపలివైపు, నాలుకకు రెండు పక్కలా శనగ గింజలంత ఎముక బుడిపెలు. వాటిని టోరస్ అంటారు. జబ్బు కాదు, కొందరికి దవడ ఎముకే అలా పెరుగుతుంది.

"వదిలేసినా ప్రాణానికేం కాదు. సెట్టు కావాలంటే మాత్రం తీసేయాలి. లేకపోతే దాని అంచు ఒరుసుకుని పుండవుతుంది. తీస్తే కొన్నాళ్ళు వాపుంటుంది, నాలుక తిమ్మిరి పట్టే భయమూ కొంత ఉంది. నేను సాయంత్రం బస్సుకు పోతాను. ఆలోచించుకుని చెప్పమ్మా" అన్నాడు.

వరండాలో మార్తమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు శానా మందిని చూసినావు గదా. నీ అమ్మకైతే ఏం జేయిస్తావు?"

అంతకు ముందు ఒక రైతుకు ఉలితో, సుత్తితో అవే బుడిపెలు తీస్తుంటే తల పట్టుకున్నది నేనే. తర్వాత అతను సెట్టు పెట్టుకుని, హాయిగా మాట్లాడుతూ వచ్చి కనిపించాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. నా చెవుల్లో సుత్తి చప్పుడే ఉంది.

"దేవుణ్ణే అడుగుదాం అత్తా" అని సంచిలోంచి వాగ్దానాల డబ్బా తీశాను. అందులో ఒక్కో వాక్యం రాసి చుట్టిన చీటీలుంటాయి. కొత్త సంవత్సరం నాడు మా సంఘంలో తలా ఒకటి తీసుకుని, ఆ మాటను ఏడాదంతా నమ్ముకుంటారు.

ఆమె ఒకటి తీసి నాకిచ్చింది. నోరు తెరిస్తే నింపుతానన్న దేవుని మాట వచ్చింది.

"ఇది తిండి గురించిలే. ఇంకోటి తీయి" అన్నాను.

రెండోది, తన భక్తుల ఎముకలను దేవుడు కాపాడతాడన్న మాట. "చూసినావా అత్తా!" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది.

ఆమె డాక్టరుతో ఆ ఎముక బుడిపెలు తీయొద్దని చెప్పింది. ఆయన వాదించలేదు. మరుసటి నెల, అంచు వీలైనంత తగ్గించి సెట్టు కట్టి ఇచ్చాడు.

రెండేళ్ళ తర్వాత జమ్మలమడుగులో సంఘాల కూటానికి వెళ్తే, వెనక వరసలో మార్తమ్మత్త కనిపించింది. అందరూ పాడుతుంటే పెదవులు బిగించి కూర్చుంది.

"సెట్టు పెట్టుకోలేదేం అత్తా?"

"పుండ్లు పడె. గూట్లో పెట్టినా."

"వాక్యం ఎవరు చెప్తాండారు?"

"ఎవురూ ల్యా."

"డాక్టరుతో మాట్లాడతా. ఇప్పుడైనా తీయిద్దాం."

ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "దేవుడు వొద్దన్నాక మళ్ళా అడగొచ్చునా పాపా?"

వద్దన్నది దేవుడు కాదు, నా భయం. ఆ మాట అక్కడే చెప్పాల్సింది. పాట అయ్యాక చెబుదామనుకున్నాను, ప్రార్థన అయ్యాక అనుకున్నాను. కూటం ముగిసేసరికి ఆమె బస్సెక్కిపోయింది. మరుసటి వేసవిలో ఆమె పోయిందని తెలిసింది.

ఆ తర్వాత ఎవరు ఏం చేయమంటావని అడిగినా, ముందు ఆసుపత్రిలో నేను చూసినదంతా చెప్పేదాన్ని, మంచీ చెడూ రెండూ. ఆ తర్వాతే ప్రార్థన. వాగ్దానాల డబ్బా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఏడాదికి ఒక్క చీటీ తీస్తాను. మనసుకు నచ్చకపోయినా రెండోది తీయను.