తెర మీది మోచెయ్యి

మద్రాసు సాలిగ్రామం సందుల్లో ఇన్నాసిని ఎరగనివాళ్ళు లేరు. స్టూడియోలో కంప్యూటరుతో వయొలిన్లు పలికించేవాడు. అతని తండ్రి సూసై నిజం వయొలిన్ వాయించిన మనిషి. కంప్యూటరు వచ్చి ఆ పెద్దాయన పొట్ట కొట్టింది. దాన్ని తెచ్చిపెట్టింది కొడుకే. సూసై వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేశాడు.

కంప్యూటరు వయొలిన్ ఉత్త శవం. దానికి ఊపిరి పోసేది తెర మీది ఫేడరు, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే మీట బొమ్మ. ఇన్నాసి మౌసుతో పైకి తోస్తే స్వరం ఉబ్బేది, కిందికి లాగితే సన్నబడేది. ఆ కదలికంతా మిడి అనే అంకెల లెక్కగా కంప్యూటరులో మిగిలిపోయేది. అతను తండ్రి వయొలిన్ తీగల మీద కమాను లాగినట్టే లాగేవాడు. సూసైకి ఎప్పుడో మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. కమాను సగానికి వచ్చేసరికి చిన్నగా తడబడేది. కొడుకు ఫేడరూ అక్కడే తడబడేది.

సంగీత దర్శకుడు దేవసిగామణికి ఆ తడబాటే ప్రాణం. "నీ చెయ్యి బంగారం తంబీ! ఏ కదలికా చెరపకు, దాచిపెట్టు" అనేవాడు. ఇన్నాసి పొంగిపోయి దాచేవాడు.

నేను అదే స్టూడియోలో ఫ్లూటు వాయిస్తాను, నోరు ఆగదు. "పాముకు పాలు పోస్తున్నావురా. నువ్వు దాచిన కదలికలు ఏ పాటకైనా అతికించుకోవచ్చు. రేపు నీతో పనేముంటుంది?" అన్నాను.

"నీకు కడుపుమంట అన్నా. చెయ్యి లేకుండా ఫేడరు కదులుద్దా? వడ తిను, చల్లారుద్ది" అని నవ్వాడు.

ఆడి నెలలో, అంటే అరవల ఆషాఢంలో, సూసై ఆసుపత్రి పాలయ్యాడు. మంచిది కాదని ఆ నెల మా సినిమావాళ్ళెవరూ కొత్త పాట మొదలుపెట్టరు. ఆ ధైర్యంతోనే ఇన్నాసి తండ్రి దగ్గర ఉండిపోయాడు. ఒకరోజు మరిచిపోయిన హెడ్‌ఫోన్ల కోసం నాతోపాటు స్టూడియోకు వచ్చాడు. లోపల ఎన్నడూ వినని పాట మోగుతోంది. అతని కుర్చీ ఖాళీ. తెర మీద ఫేడరు తనంతట తానే లేస్తోంది, దిగుతోంది. సగంలో చిన్నగా తడబడింది. పక్కనే దేవసిగామణి తల ఊపుతున్నాడు.

"ఆడిలో కొత్త పాటా సార్?" అన్నాడు ఇన్నాసి.

"కొత్తదేముంది తంబీ? అంతా నువ్వు దాచిందే." దేవసిగామణి గొంతులో వెన్న. "పో, మీ అప్పాను చూసుకో. మళ్ళీ కబురు చేస్తా."

అప్పట్లో సూసైని పంపేస్తూ చెప్పిందీ ఆ మాటే. ఆ కబురు ఇప్పటికీ రాలేదు.

ఆసుపత్రిలో సూసై కళ్ళు తెరిచాడు. "రికార్డింగు జరుగుతోందటగా. ఎవరు వాయిస్తున్నారు?"

ఇన్నాసి ఆ వంకర మోచేతిని పట్టుకున్నాడు.

"నువ్వే అప్పా. మనిద్దర్నీ బయటికి పంపేసి, నువ్వే వాయిస్తున్నావు."