తవ్వని పదిహేడో గుంత

మనసులో బరువున్నవాళ్లు రాయి మోస్తున్నామనో మూట మోస్తున్నామనో చెబుతారు. నేను పన్నెండేళ్లుగా ఒక గుంతను మోస్తున్నాను. అదీ తవ్వని గుంతను. మీరు నవ్వితే నాకు అభ్యంతరం లేదు. నేనూ చాలాసార్లు దాన్ని నవ్వులాటగా మార్చుకుని రోజులు వెళ్లదీశాను. కాని నవ్విన ప్రతిసారీ ఆ నవ్వు చివర ఒక మనిషి ముఖం కనిపించేది. ఆ మనిషి పేరు మునెప్ప. ఈ సంగతి ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. కాబట్టి మీకు చెప్పడం సులభమనుకున్నాను. సులభమేనా? చూడాలి.

నా పేరు అక్కరలేదు. మదనపల్లెవాణ్ణి. ఒక మహానగరంలో లైట్ రైలు మార్గం కడుతున్నప్పుడు అందులో ఇంజనీరుగా పనిచేసి, ఆ తరువాత పదవీ విరమణ చేశాను. లైట్ రైలంటే పెద్ద రైలంత బరువు లేని, రెండు మూడు పెట్టెల నగర రైలు. మా మార్గంలో అది రోడ్డు వారగా నిలిపిన స్తంభాల మీద నడుస్తుంది. వేళకు రావడం, ఎక్కడి కాగితం అక్కడ ఉండడం, చెప్పిన పని చెప్పినట్టు జరగడం నాకు ప్రాణం. మా ఊళ్లో సాయంత్రం నడకలో కలిసే మిత్రులు పత్రికలో కొత్త మార్గాల అంచనాలు చూసి నన్ను నిలదీస్తుంటారు. "ఏం సార్, అంత సిన్న రైలుకు ఇంత దుడ్డా?" అంటారు. నేను చేతికర్ర నేలకు ఆనించి వరుసగా కారణాలు చెబుతాను. భూమి ధర, ఉక్కు ధర, విదేశీ యంత్రాలు, నడుమ నడుమ మారే నక్షాలు, కోర్టు వ్యాజ్యాలు, ఆలస్యమైనకొద్దీ పెరిగే వడ్డీ. అన్నీ నిజాలే. వారు శ్రద్ధగా వింటారు. నేను చెప్పని కారణం ఒకటుంది. అది నేను.

స్తంభం నిలపాలంటే ముందు పునాది పడేచోట నేల కింద ఏముందో తెలియాలి. నగరం కింద మరో నగరం ఉంటుంది: నీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు తీగలు. పటంలో అవి ఒకచోట ఉంటాయి, నేలలో మరొకచోట ఉంటాయి. అందుకే ప్రతి స్తంభం చోటా మనిషి లోతు గుంతను చేత్తో తవ్వించి, కంటితో చూసి, కొలత రాసుకుని, మళ్లీ పూడ్చాలి. దగ్గరుండి తవ్వించి, కొలిచి, రిజిస్టరులో రాయడం సర్వేయరు మునెప్ప పని. వచ్చి చూసి సరేననడం నా పని. ప్రతి పుట కిందా ఇద్దరి సంతకాలూ ఉండాలి. మునెప్పది కుప్పం దాపున రామకుప్పం. అప్పటికి ముప్పై దాటలేదు. కాంట్రాక్టు ఉద్యోగం. పని ముగిశాక టేపును గుడ్డతో తుడిచి మరీ చుట్టేవాడు. అతణ్ణి మెచ్చుకోవడానికి నాకు ఆ ఒక్క అలవాటు చాలింది.

పదిహేడో స్తంభం పడవలసిన చోట రెడ్డెమ్మ అంగడి ఉండేది. నాలుగు రేకులు, ఒక పొయ్యి, ఒక బల్ల. ఆమె పుంగనూరు మనిషి. మధ్యాహ్నమైతే రాగి సంగటి, అనపగింజల పులుసు, చెనిక్కాయల ఊరిబిండి అనే పచ్చడి. అంత పెద్ద నగరంలో మా మెట్టసీమ తిండి మాకు దొరికింది అక్కడొక్కచోటే. మూడు నెలలపాటు మునెప్పా నేనూ అక్కడే తిన్నాం. ఆ బల్ల దగ్గర నేను అధికారిని కాను. ముద్ద చల్లారుతోందని నన్ను గదమాయించే హక్కు ఆమెకుండేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మునెప్ప టేపు పట్టి, సున్నంతో గుర్తు వేయబోయి ఆగిపోయాడు.

"సార్, గుర్తు సరిగ్గా పొయ్యి కిందనే పడతాండాది."

"తవ్వుకోండప్పా, నేనేమన్నా వద్దంటానా?" అంది రెడ్డెమ్మ, సంగటి కెలికే కట్టె ఆపకుండానే. "ఈ ఎసరు దించినాక తవ్వండి."

"పొయ్యిని కొంచెం పక్కకు జరుపుకోలేవా అమ్మా?" అని నేను అడిగాను.

"యాడికి సార్ జరిపేది? ఆ పక్క బీడా అంగడోడు, ఈ పక్క పంచర్ షాపోడు. ఒక్క దినం జాగా ఇడిస్తే మళ్లా రానిస్తారా? మీ రైలు వచ్చేలోపల నేను పుంగనూరు బస్సెక్కాల్సిందే."

"నువ్వు పోతే మా గతేందక్కా? ఇడ్లీలు తిని గుంతలో దిగితే నేను మళ్లా పైకి రాలేను," అన్నాడు మునెప్ప.

"పొగుడుతాండావా, ఇంకో ముద్ద అడగతాండావా?"

"రెండూ. ముందు ముద్ద ఎయ్యి."

నేనూ నవ్వాను. మునెప్ప తింటూ తింటూ నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "సార్, ఆదివారం అంగడి ఉండదు గదా. పొయ్యిని నేనే ఎత్తి పక్కన పెడతా. పొద్దున్నే తవ్వి, మద్యాన్నానికి పూడ్సి, మళ్లా ఆడనే పెట్టేస్తాం. అక్కకూ ఇబ్బంది లేదు, మనకూ లేదు. మీరొచ్చి ఒకసారి సూస్తే సాలు."

"చూద్దాం," అన్నాను.

చూడలేదు. శనివారం సాయంత్రం మదనపల్లె బస్సెక్కాను. ఆదివారం ఇంట్లో ఆలస్యంగా లేచి, పత్రిక మొదటి పుట నుంచి చివరి పుటదాకా చదివి, భోజనం చేసి మళ్లీ పడుకున్నాను. నేను లేకుండా గుంత తవ్వకూడదన్న నియమం నాదే. కాబట్టి మునెప్ప తవ్వలేదు.

సోమవారం నివేదిక పై కార్యాలయానికి పంపాలి. మునెప్పను ఆ రోజు మార్గం మరో కొసన పనికి పంపారు. రిజిస్టరు తెరిస్తే పదహారు గుంతల వివరాలు ముత్యాల్లా ఉన్నాయి. పదిహేడో గడి ఖాళీ. నాకు ఖాళీ గడి చొక్కాకు ఊడిన గుండీ వంటిది, చూస్తూ ఊరుకోలేను. పదహారో గుంత కొలతలను పదిహేడో గడిలోకి దించాను. అడ్డంకుల చోట సున్నా వేశాను. అంకెలే గనుక ఎవరి చేతిరాతో తెలియదు. సాయంత్రం మునెప్ప వచ్చాడు. నేను చూసిన పుటను అతను మళ్లీ చూసేవాడు కాదు, నా మీద అతనికున్న నమ్మకం అలాంటిది. సంతకం పెట్టి, పెన్నుకు మూత బిగించి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి అతని పని పూర్తిగా ఆ మరో కొసకే మారింది.

ఎందుకు చేశాను? చాలా ఏళ్లు దీనికి నా దగ్గర చక్కని సమాధానం ఉండేది. రెడ్డెమ్మ పొట్ట కొట్టడం ఇష్టంలేక చేశానని. వినడానికి ఎంత బాగుందో చూడండి. కాని ఆమె పొట్ట కొట్టకుండానే గుంత తవ్వే దారి మునెప్ప నా విస్తరి పక్కనే పెట్టాడు కదా? మరి దాన్ని ఎందుకు తీసుకోలేదు? నేను కరుణ అని పేరు పెట్టుకున్నది, విప్పి చూస్తే, నా ఆదివారపు నిద్ర.

ఎండాకాలంలో పునాది తొలిచే యంత్రం వచ్చింది. అప్పటికి ముందుగానే నోటీసు ఇచ్చి రెడ్డెమ్మను రోడ్డుకు అవతలికి పంపారు. యంత్రం పని మొదలుపెట్టిన కాసేపటికే నీళ్లు పెద్ద శబ్దంతో పైకి లేచాయి. పటంలో రోడ్డుకు అవతలి వైపున్న పాత నీటి గొట్టం నేలలో సరిగ్గా పదిహేడో గుంత చోటే ఉంది. నీటి కరువులో ఉన్న ఆ వీధికి అది పండుగే అయింది. బిందెలు, బక్కెట్లు, చివరికి ఒకాయన పసుపురంగు స్నానపు తొట్టి కూడా మోసుకొచ్చాడు. రెడ్డెమ్మ అందరికంటే ముందు నిలబడి వరుస తప్పినవాళ్లను తిట్టింది. జాగా మారిన మూడో రోజుకే ఆమె పొయ్యి అవతలి పక్కన వెలిగింది, గిరాకీ కూడా పెరిగింది. నా చక్కని సమాధానం ఆ రోజే నీళ్లలో కొట్టుకుపోవలసింది. పోనివ్వలేదు.

గొట్టాన్ని మళ్లించేదాకా పని ఆగింది. స్తంభాన్ని జరపవలసి వచ్చింది. స్తంభం జరిగితే రెండు స్తంభాల నడుమ దూరం పెరిగింది, దూరం పెరిగితే పైన వేసే దూలం నక్షా మళ్లీ గీయవలసి వచ్చింది. ఊరికే నిలిచిన యంత్రాలకు కాంట్రాక్టరు అద్దె అడిగాడు. మూసిన రోడ్డు మూసినట్టే ఉంది. ఇదంతా ఒక ఎత్తు. తరువాత అంచనాలు కట్టేవాళ్లు భయపడి, ప్రతి స్తంభానికీ "ఊహించని అడ్డంకులు" అని ఒక పద్దు అదనంగా చేర్చడం మొదలుపెట్టారు. ఆ పద్దు మా మార్గంతో ఆగలేదు. తరువాతి మార్గాలకూ వెళ్లింది. ఒక మనిషి తవ్వని గుంతకు ఎన్నడూ అక్కడికి రాని మనుషులు కూడా చెల్లిస్తూనే ఉన్నారు. ఉక్కు ధర ఒక్కోసారి తగ్గుతుంది. భయం ధర తగ్గడం నేనెప్పుడూ చూడలేదు.

విచారణ జరిగింది. నిజంగా చెప్పవలసింది ఇక్కడే ఉంది. ఇంతసేపూ గొట్టం గురించీ దూలం గురించీ మాట్లాడింది దీనికి దూరంగా ఉండడానికేనేమో. విచారణాధికారి రిజిస్టరు తెరిచి ఈ సంతకం నీదేనా అని మునెప్పను అడిగాడు. నాదే సార్ అన్నాడు. గుంత తవ్వావా అని అడిగాడు. మునెప్ప ఆ గడిని అప్పుడు మొదటిసారి చూశాడు. తవ్వలేదు సార్ అన్నాడు. తరువాత తలెత్తి నా వైపు చూశాడు. కోపంగా కాదు. తలుపు దగ్గర నిలబడి, లోపలివారు గడియ తీస్తారని ఎదురుచూసే మనిషిలా చూశాడు. నేను ఫైలులో ఒక తేదీ కింద గీత గీస్తున్నాను. ఆ తేదీకి గీత అవసరం లేదు.

తవ్వకుండానే కొలత రాసినవాడని అతని మీద రిమార్కు పడింది. ఉద్యోగం పోయింది. సర్వే పనుల్లో ఎక్కడికి వెళ్లినా ఆ వాక్యం అతనికంటే ముందు చేరేది. కుప్పం తిరిగి వెళ్లి గ్రానైటు రాళ్ల యార్డులో దిమ్మెలు కొలిచే పనిలో చేరాడు. నాకు ఏం జరిగింది? కింది ఉద్యోగి రాసింది నమ్మి సంతకం పెట్టానని నన్ను వదిలేశారు. ఇకపై ప్రతి గుంతకూ ఫొటో తీసి జతచేయాలన్న ఉత్తర్వును రాయించడానికి సంస్థ నన్నే ఎంచుకుంది. బాగా రాశాను. మెచ్చుకున్నారు. దొంగ చేత తాళం చేయించడమంటే ఇదే, కాని ఆ తాళం మాత్రం గట్టిగా చేశానని ఈ రోజుకూ చెప్పగలను.

పోయిన నెల ఒక సర్వే కంపెనీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. మునెప్ప దరఖాస్తు పెట్టుకున్నాడు, పని చూశాం, నచ్చింది, కాని పాత రిమార్కు అడ్డు వస్తోంది, అతని పై అధికారిగా అతని నిజాయితీపై మీ అభిప్రాయం ఏమిటి అని అడిగారు. ఆ ఉత్తరాన్ని నాలుగు రోజులు బల్ల మీద తిన్నగా సర్దుతూ కూర్చున్నాను. మంచివాడని రాసి ఊరుకోవచ్చు. పొరపాటు ఎవరికైనా సహజమని పెద్దమనసు చూపవచ్చు. అంటే అతను చేయని తప్పును నేను క్షమించడం! ఇంతకంటే సిగ్గుమాలినతనం ఉంటుందా?

అయిదో రోజు జవాబు రాశాను. పదిహేడో గుంతను ఎవరూ తవ్వలేదు. ఆ కొలత రాసింది నేను. మునెప్ప ఆదివారం తవ్వుదామన్నాడు, నేను వెళ్లలేదు. విచారణలో నేను నోరు తెరవలేదు. కింద పూర్తి పేరుతో సంతకం చేశాను. ఒక ప్రతి పాత సంస్థకు పంపాను. ఇంకొకటి మడిచి జేబులో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను.

మునెప్ప యార్డులో టేపు పట్టుకుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి కంగారుగా ఎదురొచ్చి నీడలో కుర్చీ వేశాడు. నేను కూర్చోకుండానే చెప్పాను. ఒకేసారి, ఆగకుండా, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు. కాగితం చేతికిచ్చాను. నిలబడే రెండుసార్లు చదివాడు.

"ఇది ఆ పొద్దు సెప్పింటే బాగుండు సార్," అన్నాడు.

అంతే. క్షమించానని అనలేదు. నేను అడగలేదు, అడిగే అర్హత కూడా నాకు లేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎవరినో కేకేసి నాకు మజ్జిగ తెప్పించి, దిమ్మె దగ్గరికి వెళ్లి కొలత మొదటినుంచీ మళ్లీ తీసుకున్నాడు. నేను మజ్జిగ తాగి, గ్లాసు కడిగి, చెప్పకుండానే బయలుదేరాను. కంపెనీ ఏ నిర్ణయం తీసుకుంటుందో ఇంకా తెలియదు. తెలిసినా పన్నెండేళ్లు తిరిగి రావు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన నిటారుగా కూర్చోవడం వరకే నాకు గుర్తుంది. కళ్లు తెరిచేసరికి మదనపల్లె బస్టాండులో ఉన్నాను. నా తల పక్కనున్న పెద్దాయన భుజం మీద వాలి ఉంది. బిత్తరపోయి, సర్దుకుని, మన్నించండి అన్నాను.

"పుంగనూరుకు ముందు నుంచే గురక పెడతాండారు సార్," అన్నాడాయన భుజం దులుపుకుంటూ. "బస్సంతా నవ్వతాండె. దిగండి ఇంక."

దిగాను.