రొట్టెకు పనికిరాని గోధుమ

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ రైతు సిరిల్ పిండర్ కోతకు ముందు నాలుగు గోధుమ గింజలు బుగ్గన పెట్టుకుని, రొట్టెకు పనికొస్తుందో లేదో చూడ్డానికి జిగురు సాగేదాకా నములుతాడు. నలభై ఏళ్లుగా రొట్టె పిండికి పోయే రకమే వేశాడు. పొరుగు రైతు కోలిన్ వేసే దాణా రకానికి ఎరువు తక్కువ, దిగుబడి ఎక్కువ. ఈ ఏడు రెండింటి ధరకూ తేడా టన్నుకు పదిహేను పౌండ్లే. సిరిల్ అదనంగా చల్లిన ఎరువుకు కూడా అది చాలదు. ఆ కాస్తా దక్కలేదు.

ఆగస్టులో పిండిమిల్లు నుంచి లారీ డ్రైవర్ ఫోన్ చేశాడు. "రొట్టె పిండికి ప్రోటీన్ పదమూడు శాతం ఉండాలంట, పన్నెండున్నరే వచ్చింది. సరుకు వద్దంటున్నారు."

"దాణా మిల్లుకి తోలెయ్" అన్నాడు సిరిల్, గొంతు మారకుండా.

సాయంత్రం కోలిన్ కంచె దగ్గర ఆగాడు. "మా జట్టులో కలిశావన్నమాట. ఈ వారం కోళ్లకి విందేరా."

సిరిల్ నవ్వాడు కూడా. మర్నాడు విత్తనాల మనిషి వస్తే పొలమంతటికీ దాణా రకమే రాయించాడు.

"బాగా ఆలోచించుకున్నారా?"

"కోళ్లయితే సరుకు తిప్పి పంపవు."

అతను వెళ్లాక, రొట్టె కోస్తున్న భార్య మేవిస్‌ని అడిగాడు. "కొట్లో దీని ధరేమన్నా తగ్గిందా?"

"పెరిగింది."

సిరిల్ తలూపి, వెన్న గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.