మాకు ఆకు లేదన్నారు, పొగాకు ఇచ్చారు

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా! నేను కోవిల్‌పట్టిలో, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మందు ముంచేందుకు పుల్లలు చట్రానికి పేర్చిన మంగతాయిని. తొంభైలలో నా మొగుడు జ్వరమొచ్చి పోయేటప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, చంకలో ఆడబిడ్డ. మా ఇండ్లలో పెండ్లయితే ముత్తైదువలకు ఆకూ వక్కా పువ్వూ పళ్లెంలో ఇస్తారు, మొగుడు పోయినదాన్ని మాత్రం దాటిపోతారు. మా అత్తదీ నా గతే, అందుకని ఆమె జాలిపడి కొంగు ముడి విప్పి ఇంత పొగాకు తుంచి నా చేతిలో పెట్టేది. అదేం న్యాయమో చూడండి! పువ్వు నాకు తగదంట, విషం తగునంట! మొగుడున్నది నమిలితే తిట్టేందుకు ఒకడుంటాడు, నన్ను అడిగేదెవరు? ఆకలేస్తే పొగాకు, ఏడుపొస్తే పొగాకు, ఖాళీ అగ్గిపెట్టెలో దాచుకుని పదకొండేళ్లు దవడన పెట్టుకున్నాను.

ఒకనాడు చెంప లోపల తెల్లటి మచ్చ లేచింది, కారం తగిలితే ప్రాణం పోయేది. విరుదునగర్ ఆస్పత్రిలో డాక్టరమ్మ టార్చి వేసి చూసి, ఇది మానకుంటే క్యాన్సరు కావచ్చు, నీ బిడ్డకు ఎవరున్నారు అని అడిగింది. తిరుగు బస్సులో చేతిలో అగ్గిపెట్టె, కళ్లలో నా కూతురు! అప్పటికే మా వీధి పాస్టరమ్మ పిలిస్తే మందిరానికి పోయి వెనక కూర్చుని అరవంలో ప్రార్థన చేసేదాన్ని, ఆవేళ మాత్రం మా ఇంటి తెలుగు మాటే వచ్చింది, అదీ కొట్లాటగా వచ్చింది. “యేసయ్యా, అందరూ నన్ను దాటిపోయినారు, నువ్వూ దాటిపోతావా? పోనంటే ఈ చెయ్యి పట్టుకో, నేను విడవను, నువ్వూ విడవద్దు!” అని పెట్టెను కిటికీలోంచి విసిరేశాను.

అంతటితో అయిందనుకోకండి! మూడు వారాలు తల పగిలింది, వంకరపోయిన పుల్లలు మళ్లీ మళ్లీ పేర్చాను, పక్కవాళ్లు కొంచెం నములమ్మా, నీకేం పోయిందని నవ్వారు. నేను వేరుశెనగ మిఠాయి కొరుక్కుంటూ, చట్రం చట్రానికీ “యేసయ్యా, ఈ గడియ దాటించు” అన్నాను. నెలలు పోయినాక డాక్టరమ్మ మళ్లీ టార్చి వేస్తే మచ్చ లేదు. దేవునికే మహిమ!

ఆపై మా మరిది కూతురి పెండ్లి. అదే పళ్లెం మమ్మల్ని దాటింది, అత్త అలవాటుగా కొంగు ముడి విప్పింది. నేను ఆమె పిడికిలి మూసేసి, లేచిపోయి పళ్లెం ఆపి, మూరెడు మల్లెపూలు తీసి సగం నేను పెట్టుకుని, సగం ఆ ముసలామె తలలో పెట్టాను. పందిరంతా గుసగుసలే, పోనీండి! అత్త ఆ పూలు తడుముకుంటూ ఏడ్చింది, ఆ ఆదివారం నా వెంట మందిరానికి నడిచి వచ్చింది.

దవడన పొగాకు పెట్టుకున్న అక్కలారా, యేసయ్య చెయ్యి పట్టుకోండి, డాక్టరుకు నోరు చూపించండి. మమ్మల్ని అడిగేదెవరు అంటారా? నన్ను అడిగినవాడు ఉన్నాడు, మిమ్మల్నీ అడుగుతున్నాడు!