హిల్ మీద చాప పరిచిన వసుంధర అక్క

నిన్న పొద్దున ఆఫీసుకి వెళ్తూ ట్రైన్‌లో ఉన్నాను. రమేష్ బావ ఫోన్.

"తమ్మీ, మీ అక్క పోయింది రా."

అంతే అన్నాడు.

నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. తర్వాతి స్టేషన్‌లో దిగి బెంచీ మీద కూర్చుండిపోయాను. క్యాన్సర్ ముదిరిందని మా అందరికీ తెలుసు. తెలిసినా, మళ్ళీ ట్రైన్ ఎక్కలేకపోయాను.

వసుంధర అక్క నాకు తోబుట్టువు కాదు. యూనివర్సిటీ చదువుకి ఈ దేశం వచ్చిన కొత్తలో గిరావీన్‌లో వాళ్ళ ఇంటి వెనక విడిగా కట్టిన చిన్న గ్రానీ ఫ్లాట్‌లో అద్దెకున్నాను. బావ ఆమె భర్త. అక్కది హనుమకొండ. ఇక్కడ చైల్డ్‌కేర్‌లో టీచర్.

ఇక్కడ ఫుటీ అని పిలిచే రగ్బీ ఆట అంటే ప్రాణం.

ఆ పిచ్చి ఎక్కించింది పక్కింటి కెవిన్. రిటైరైన బస్ డ్రైవర్, భార్య పోయాక ఒంటరిగా ఉండేవాడు. ఒక శనివారం తను అభిమానించే క్లబ్ మ్యాచ్‌కి బావనీ అక్కనీ తీసుకెళ్ళాడు. బావకి నిద్రొచ్చింది. అక్క మాత్రం ఆ తర్వాత క్లబ్ సొంత గ్రౌండ్‌లో ఆడే ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు.

క్లబ్ పాత గ్రౌండ్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకవైపు చిన్న స్టాండ్, మిగతాదంతా గడ్డి మొలిచిన మట్టి దిబ్బ. దాన్ని హిల్ అనేవాళ్ళు. వాన పడితే బురద. టాయిలెట్ల సంగతి అడగొద్దు.

కానీ నచ్చినవాళ్ళ పక్కన కూర్చోవచ్చు.

అక్క అక్కడ చాప పరిచేది. ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న చాప. పక్కన కెవిన్ మడత కుర్చీ. డబ్బాలో సర్వపిండి. చుట్టూ ఉన్నవాళ్ళంతా అడిగి మరీ తినేవాళ్ళు.

ఈ ఆటలో బంతిని ముందుకు విసరకూడదు. అవతలి టీమ్ విసిరినా రెఫరీ పట్టించుకోకపోతే అక్క లేచి నిలబడేది.

"అరే, ముందటికి ఇసిరిండు కదా, కండ్లు కనవడ్తలేవా నీకు?"

ఒక్క ముక్క అర్థం కాకపోయినా హిల్ అంతా ఆమెతో కలిసి అరిచేది.

వాళ్ళమ్మ పోయినప్పుడు అక్క ఊరికి వెళ్ళలేకపోయింది. తనకి అప్పుడే ఆపరేషన్ అయింది, డాక్టర్ ఫ్లైట్ ఎక్కొద్దన్నారు. ఆ శనివారం ఇంట్లో ఉండలేక నాతో గ్రౌండ్‌కే వచ్చింది.

కెవిన్ ముందే అందరికీ చెప్పినట్టున్నాడు. మా చుట్టూ ఉన్నవాళ్ళ చేతులకి నల్ల టేప్ చుట్టి ఉంది. తమవాళ్ళెవరైనా పోతే ఆటగాళ్ళు కట్టుకునేట్టు.

అక్క ఆట మొత్తం ఏడుస్తూనే చూసింది.

తర్వాత క్లబ్ కొత్త స్టేడియంకి మారింది.

సరే, బాగుంటుంది. కాదనను. నెత్తిన వాన పడదు. టాయిలెట్లు మెరుస్తుంటాయి. స్క్రీన్ మా ఇల్లంత ఉంటుంది. 'వరల్డ్ క్లాస్' అంటూ మనవాళ్ళు ఎన్ని సెల్ఫీలు పెట్టారో నాకు గుర్తుంది.

హిల్ మీద కలిసి కూర్చున్నవాళ్ళకి మాత్రం తలా ఒక మూల సీట్లు వచ్చాయి. కెవిన్‌కి పై అంతస్తు. అక్కకి కింద, గోల్ పోస్టుల వెనక.

ఆ స్టేడియం గేటు మీదే అక్క ఫోటో వేశారు. చీర మీద క్లబ్ స్కార్ఫ్, నోరారా నవ్వు. కింద ఇంగ్లిష్‌లో, 'ఇక్కడ అందరికీ చోటుంది' అని.

అది పాత హిల్ మీద తీసిన ఫోటో. పక్కనున్న కెవిన్‌ని కత్తిరించేశారు. అక్క భుజం మీద ఆయన వేళ్ళు మాత్రం మిగిలాయి.

కీమో మొదలయ్యాక అక్కకి వీల్‌చెయిర్ తప్పలేదు. పోయిన సీజన్‌లో నేనే తీసుకెళ్ళాను. వీల్‌చెయిర్ పక్కన ఒక్కరే కూర్చోవాలట. కెవిన్ పైనుంచి మెట్లన్నీ దిగొచ్చి మా వెనక నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి.

యూనిఫామ్‌లో ఒకమ్మాయి వచ్చి, ఇక్కడ నిలబడకూడదు, మీ సీటుకి వెళ్ళండి అంది. నా సీటు ఆయనకిస్తాను అన్నాను. టికెట్ నా పేరు మీద ఉంది కాబట్టి కుదరదట.

"హీ ఈజ్ మై ఫ్యామిలీ," అంది అక్క.

ఆ అమ్మాయి మర్యాదగానే సారీ చెప్పింది.

కెవిన్ రైలింగ్ పట్టుకుని మళ్ళీ మెట్లెక్కాడు. అక్క ఆట చూడలేదు. మెడ తిప్పి ఆయన్నే చూస్తూ ఉంది.

"పా తమ్మీ, ఇంటికి పోదాం," అంది, హాఫ్ టైమ్ కాకముందే.

గేటు మీద తన ఫోటో కిందుగానే బయటికి వచ్చాం. అక్క తలెత్తి చూడలేదు.

క్లబ్‌కి ఫిర్యాదు చేశాను. 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని జవాబొచ్చింది.

అక్క ఇక ఆ స్టేడియం గడప తొక్కలేదు. మ్యాచ్ ఉన్న రోజు అక్కనీ కెవిన్‌నీ కారులో పాత గ్రౌండ్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. హిల్‌ని చదును చేసి కార్ పార్క్ కట్టారు. అక్కడే కారాపి, అద్దాలు దించి, రేడియోలో కామెంటరీ వినేవాళ్ళం.

"గీడనే ఉండె మన జాగ," అని అక్క వేలు పెట్టి చూపించేది.

గొంతు అప్పటికే పోతోంది. అయినా రెఫరీని తిట్టడం మానలేదు. సీజన్ చివరి మ్యాచ్ రోజు కెవిన్ భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. ఆయన మ్యాచ్ అయ్యేదాకా కదల్లేదు. ఓడిపోయామని మేము ఆమెకి చెప్పలేదు.

నిన్న సాయంత్రం క్లబ్ నుంచి బావకి ఫోన్ వచ్చింది. ఈ వారం మ్యాచ్‌కి ముందు పెద్ద స్క్రీన్ మీద అక్క ఫోటో వేస్తారట. గేటు మీద వేసిన ఫోటోనే.

బావ గొంతు పెంచే మనిషి కాదు. నిన్న కూడా పెంచలేదు. పక్కన ఒక్క మనిషిని కూర్చోనివ్వమంటే కుదరదన్నారు, ఇప్పుడు నాకు ఇది కుదరదు అని ఫోన్ పెట్టేశాడు.

మీరు కూడా దయచేసి ఆ ఫోటో షేర్ చేయకండి. పెట్టినవాళ్ళు తీసేయండి.

అంత్యక్రియలు శుక్రవారం. ఇందాక కెవిన్ వచ్చి గుమ్మం బయటే ఆగి, ఆ రోజు నేను ఎక్కడ నిలబడాలి అని అడిగాడు. అలా అడగాల్సి వచ్చింది ఆయనకి.

బావ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

"విత్ మీ," అన్నాడు.

పోయిరా అక్కా. ఇక ఏ నొప్పీ లేకుండా నిమ్మళంగా ఉండు.