గుక్కెడు గ్లాసు మీద కొర్రీ

ముప్పై రెండేళ్ళపాటు ఆవిడ చేసిన ఉద్యోగం ఏమిటంటే, జనం ముచ్చటపడి పెట్టుకున్న పేర్లు వాళ్ళవి కావని వాళ్ళకే చెప్పడం. వినడానికి ఎంత పుల్లవిరుపుగా ఉందో చేయడానికీ అంతే. సరుకుల పేర్లు రిజిస్టరు చేసే ఆఫీసులో ఆవిడ పరిశీలనాధికారి. ఎవరైనా తమ సరుకుకు ఒక పేరు పెట్టుకుని, దాన్ని ఇంకెవరూ వాడకుండా హక్కు రాసిమ్మని దరఖాస్తు పెడితే, ఆ కాగితం ముందు ఆవిడ బల్ల మీదికే వచ్చేది. వచ్చిన ప్రతిదాని మీదా ఏదో ఒక అభ్యంతరం రాసేది కాబట్టి, వెనకాల అందరూ కొర్రీల మేడం అనేవాళ్ళు. ఆవిడకు ఆ సంగతి తెలుసు. ఒకసారి సెలవు చీటీ కింద ‘కొర్రీల మేడం’ అనే సంతకం పెట్టి పై అధికారికి పంపింది. ఆయన నవ్వలేదు గాని సెలవు మాత్రం ఇచ్చాడు.

ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా ఆవిడ మనసు ఆ ఆఫీసు వదిలి రాలేదు. రికార్డు గది తలుపు తీయగానే వచ్చే పాత కాగితాల వాసన, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను, కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న నున్నటి గులకరాయి, వెనక సందులోంచి వినిపించే అచ్చాఫీసు చప్పుడు... ఇవన్నీ తలచుకుంటే ఆవిడకు బెంగగా ఉంటుంది. ఆ బెంగను దాచుకోదు కూడా. ‘నాకు ఆ కుర్చీ కావాలనిపిస్తుంది’ అని భోజనాల దగ్గర పైకే అంటుంది. ‘నన్ను పెళ్ళాడే ముందు కూడా నువ్వు నాలుగు కొర్రీలు పెట్టావు, అన్నిటికీ జవాబిచ్చుకున్నాను’ అని భర్త అందుకుంటాడు. నాలుగు కాదు, ఐదు. ఐదోదానికి ఆయన ఇంతవరకూ జవాబివ్వలేదు.

ఆవిడ పాటించిన సూత్రం చాలా చిన్నది. సరుకు ఏం చేస్తుందో చెప్పే మాట అందరిదీ. దాన్ని ఒకరికి రాసిచ్చేస్తే అదే సరుకు చేసే మిగతావాళ్ళంతా నోరు కట్టుకుని కూర్చోవాలి. జ్వరం చూసే గొట్టానికి ‘జ్వరం కొలత’ అనే పేరు తనకే కావాలని ఒకాయన ఆవిడ గదిలో గంటసేపు వాదించాడు. జ్వరం కొలిచేదాన్ని జ్వరం కొలత అనక గొడుగు అంటారా అని ఆవిడ అడిగింది. ఆయన అలిగి వెళ్ళిపోయాడు. ఇలా అలిగి వెళ్ళినవాళ్ళందరినీ వరసగా నిలబెడితే ఆ వీధి చాలదు.

పేరు మీద అనుమానం వస్తే ఆవిడ పుస్తకాలు తిరగేసేది కాదు. చెప్పులేసుకుని నేరుగా కొట్టుకు వెళ్ళేది. ఆ పేరు చెప్పి, ఇంకొక్క ముక్క కలపకుండా, అది ఇమ్మని అడిగేది. కొట్టతను ‘అంటే ఏమిటండీ?’ అంటే ఆ పేరుకు బతుకున్నట్టు. మారు మాట్లాడకుండా సరుకు తీసి పెడితే కొర్రీ ఖాయం. తిరిగొచ్చి ఫైలు మూలన పెన్సిలుతో తన నిర్ణయం చిన్నగా రాసుకునేది. వాదనలు విన్నాక ఎప్పుడైనా మనసు మారితే చెరిపేది. అలా చెరిపిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

గుక్కెడు గ్లాసు ఫైలు ఆవిడ ఉద్యోగానికి సరిగ్గా నడిమధ్యన వచ్చింది. దరఖాస్తు పెట్టినాయన ప్లాస్టిక్కు సామాన్లకు అచ్చులు చేసే మేస్త్రీ. ఇంటి ముందుగదిలోనే ఒక మిషను పెట్టుకుని పనిచేసేవాడు. పక్షవాతం వచ్చినవాళ్ళకు నీళ్ళు గబుక్కున గొంతులో పడితే పొలమారుతుంది, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆయన చేసిన గ్లాసును ఎంత వంచినా ఒక్క గుక్కే వస్తుంది. మళ్ళీ నిలబెడితేగాని రెండో గుక్క రాదు. లోపల అడుగున చిన్న తొట్టిలాంటిది పెట్టాడు, అంతే కిటుకు. దాని పేరు ‘గుక్కెడు గ్లాసు’.

కొర్రీ రాయడానికి ఆవిడకు అర నిమిషం కూడా పట్టలేదు. అయినా అలవాటు ప్రకారం పెద్దాసుపత్రి ఎదుట మందుల కొట్టుకు వెళ్ళింది. కొట్టతను తల ఎత్తకుండానే రెండు గ్లాసులు తెచ్చి పెట్టాడు. ఒకటి మేస్త్రీది, ఇంకొకటి ఎవరో వేరేవాళ్ళు చేసింది. రెండూ గుక్కెడు గ్లాసులేనండీ, ఏది తీసుకున్నా ఒకటే అన్నాడు.

కొర్రీకి మేస్త్రీ పంపిన జవాబు వకీలు రాసింది కాదు. గీతల కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో ఆయనే రాసుకున్నాడు. ఆ పేరు తన భార్య పెట్టిందనీ, ఆవిడ పోయి ఏడాది దాటిందనీ, ఇంట్లో ఆవిడ జ్ఞాపకంగా ఇంకేమీ లేదనీ, కనీసం ఆ మాట తమదేనని సర్కారు ముద్రతో ఒక కాగితం ఉంటే చాలుననీ రాశాడు. పేరు ఎంత ప్రసిద్ధమో రుజువు చూపించడానికి నాలుగు నెలలు ఆసుపత్రుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, నలభై ఒక్క ఉత్తరాలు పోగుచేసి జతపరిచాడు.

ఆవిడ ఆ రోజు జవాబు రెండుసార్లు చదివింది. అవతల పోటీకి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. కాదనమని అడిగేవాళ్ళూ లేరు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, కొట్టులో తన కళ్ళతో చూసి వచ్చి కూడా, ఫైలు మూలన ‘ఇవ్వవచ్చు’ అని రాసుకుంది. అది తప్పని ఆవిడకు తెలుసు. తెలిసే రాసింది.

వాదన రోజున మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గ్లాసు ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చాడు. మోచేతుల దాకా మిషను దగ్గర కాలిన పాత మచ్చలు. ఆవిడ పద్ధతి ప్రకారం ఉత్తరాలు ఒక్కొక్కటీ పైకి చదివింది. మూడో వార్డుకు గుక్కెడు గ్లాసులు చాలడం లేదని ఒక నర్సు రాసింది. మామగారికి గుక్కెడు గ్లాసు వచ్చాక దగ్గు తగ్గిందనీ, అది వేరే కంపెనీదనీ, అయినా మేస్త్రీగారు చల్లగా ఉండాలనీ ఒక కోడలు రాసింది. ఎక్కడో పదిగంటల ప్రయాణమంత దూరాన ఉన్న ఆసుపత్రి వాళ్ళయితే, తమ దగ్గర గుక్కెడు గ్లాసులు తామే చేయించుకుంటున్నామని సంతోషంగా రాశారు. పాపం, పొగడ్త కనిపించిన ఉత్తరమల్లా ఆయన తెచ్చి జతపరిచాడు. ఆ పేరు ఆయనదని వాటిలో ఒక్కటీ చెప్పలేదు. అందరిదీ అని నలభై ఒక్కటీ చెప్పాయి.

ఆవిడకు మనసు కలుక్కుమంది. అయినా పెన్సిలు రాత చెరపలేదు. కొట్లో తాను చూసిన సంగతి ఎత్తకుండా, ఆయన భార్య ఆ పేరు ఎలా పెట్టిందని మాత్రం అడిగింది.

మేస్త్రీ సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు. తర్వాత, పెట్టిందని రాశాను గాని పెట్టడం కాదన్నాడు. భార్య ఆరోగ్యంగా ఉన్నప్పుడు మాట్లాడితే వీధి చివరిదాకా వినిపించేదట. కొట్టువాళ్ళు ఆవిడ మాటకు జడిసేవాళ్ళట. పక్షవాతం వచ్చాక రెండేళ్ళు బతికింది.

“ఆ రెండేళ్ళూ తన నోట మిగిలింది ఆ ఒక్క మాటేనమ్మా. దాహమైనా గుక్కెడే, కిటికీ తియ్యమన్నా గుక్కెడే, నా మీద కోపమొచ్చినా గుక్కెడే. నాకన్నీ తెలిసేవి. గ్లాసు చేసిచ్చినరోజు కూడా అదే అంది. ఇంకో మాట తన దగ్గర లేదు.”

ఫ్యాను మూలుగుతోంది. ఆవిడ ఉత్తరాలు సర్ది వాటి మీద గులకరాయి పెట్టింది. మేస్త్రీయే అడిగాడు, ఈ పేరు తనకు రాసిస్తే ఆ వేరే కంపెనీవాళ్ళు గ్లాసు మీద ఏమని రాసుకుంటారని. వేరే ఏదో పేరు పెట్టుకోవాలంది ఆవిడ. ఆ దూరపు ఆసుపత్రివాళ్ళూ అంతేనా అన్నాడు. బయట అమ్మితే అంతేనంది. ఎవరైనా కొట్టుకు వెళ్ళి గుక్కెడు గ్లాసు అడిగినప్పుడు తనది అయిపోయి ఉంటే? లేదని చెప్పాలంది.

ఆయన సంచిలో గ్లాసును చేత్తో తడుముతూ కూర్చున్నాడు. రోజంతా మిషను తిప్పినా తను చేసేవి నలభై.

“అయితే వద్దమ్మా,” అన్నాడు. “మా ఆవిడలాగా ఆ ఒక్క మాటే మిగిలినవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళడిగితే లేదనకూడదు.”

ఆవిడకు ఊపిరి తిరిగింది, వెంటనే సిగ్గూ వేసింది. తిరస్కరించారన్న మచ్చ పడకుండా దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చనీ, ఒక్క సంతకంతో పోతుందనీ సలహా చెప్పింది. మేస్త్రీ ససేమిరా అన్నాడు.

“నేను వెనక్కి తీసుకుంటే రేపింకెవరో వస్తారు. పెద్ద వకీళ్ళని వెంటేసుకుని వస్తారు. అప్పుడీ కుర్చీలో మీరుంటారో లేదో. ఇది ఎవ్వరికీ ఇవ్వడానికి లేదని రాసెయ్యండి. గట్టిగా రాయండి.”

ఆవిడ పెన్సిలు రాత చెరిపేసి కలం తీసింది. మేస్త్రీ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ప్రతి వాక్యం చదివించుకున్నాడు. ‘ఈ మాట సాధారణంగా అందరూ వాడుకునేది’ అని రాస్తే, సాధారణంగా ఎందుకు, ఎప్పుడూ అని రాయమన్నాడు. ఆవిడ కొట్టేసి అలాగే రాసింది. వేరే కంపెనీ గ్లాసు సంగతి కూడా చేర్చమన్నాడు. దాన్ని చేరుస్తూ, కొట్లో తాను చూసింది కూడా ఆవిడ ఒప్పుకుని రాసింది. అంతా అయ్యాక ఆయన లేచి, దణ్ణం పెట్టి, తన ఓటమి నకలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ రికార్డు గదిలోకి పోయి, బీరువాల వెనక నిలబడి ఏడ్చింది.

తర్వాత రెండుసార్లు ఆ పేరు కోసం పెద్ద కంపెనీలే వచ్చాయి. రెండుసార్లూ ఆ ఒక్క కాగితమే అడ్డు నిలిచింది. రెండోసారికి ఆవిడ ఉద్యోగంలో లేదు. ఆవిడ కుర్చీలోకి వచ్చిన అమ్మాయి ఫోను చేసి సంబరంగా చెప్పింది, వాళ్ళ వకీలు ఆ ఉత్తర్వులో ఒక్క సందు కూడా పట్టుకోలేకపోయాడని. అంత గట్టిగా రాయడం ఎక్కడ నేర్చుకున్నారు మేడం అని అడిగింది.

“నేను రాయలేదమ్మా,” అంది ఆవిడ. “ఓడిపోయినాయన చెప్తుంటే రాసుకున్నాను.”