కారవాన్ కిటికీకి కట్టిన నిమ్మకాయ

మీ ఇంట్లో ఏదైనా చెడితే మీరు ముందు వస్తువును పరీక్షిస్తారా, మనిషిని అనుమానిస్తారా?

1995 చలికాలం. ఖతార్‌లో ఒక సర్వే కంపెనీకి నేను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. మా బృందాలు చక్రాల కారవాన్లలో ఉండేవి. పని ఎక్కడికి జరిగితే కారవాన్‌ను బండికి తగిలించి అక్కడికి లాక్కెళ్ళేవారు. ఆ ఏడు తొలి వాన పడుతుండగా అల్ ఘర్రాఫా దగ్గరున్న కారవాన్ నుంచి కబురు వచ్చింది, కిటికీ కారుతోందని.

వెళ్ళేసరికి కిటికీ గొళ్ళేనికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. వాటి నుంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. ఆ కిటికీ కింది మంచం రాజన్నది. జగిత్యాల వైపు నుంచి వచ్చి రెండు నెలలైంది. పరుపు చుట్టి, పెట్టె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆ గదికి పెద్దగా ఉన్న గంగారాం తీర్పు చెప్పేశాడు. "సారూ, గీ మనిషి అచ్చినకాడికెల్లే కిటికి కారుతంది. ఈనతోని ఉండుడు మాఫీ, అయ్యేది గాదు. ఏరే క్యాంపుకు పంపుండ్రి."

వేరే క్యాంపులో రాజన్న భాష తెలిసినవాడు ఒక్కడూ లేడు.

"అంతకుముందు వాన ఎప్పుడు పడింది గంగారాం?"

"పోయిన చలికాలం."

"మరి ఇన్నాళ్ళూ కారడానికి నీళ్ళేవయ్యా?"

"మీరు అన్నిటికీ గట్లనే అంటరు."

రెండు రోజులు ఆగమన్నాను. మూఢనమ్మకాల మీద ఉపన్యాసం కూడా దంచాను. మర్నాడు తడి ఆరాక, సందులు మూసే సిలికాన్ జిగురు కిటికీ చుట్టూ దట్టంగా పూశాను. అది గట్టిపడ్డాక పైపుతో నీళ్ళు కొట్టాను. ముందు కింద, తర్వాత పక్కలు, చివర పైన. కారేచోటు దొరకాలంటే అదే వరుస. రాజన్నను లోపల కూర్చుని చూడమన్నాను.

కిటికీ మళ్ళీ కారింది!

గంగారాం పకపకా నవ్వాడు. "మీ తెల్ల మందుకంటె నా నిమ్మకాయే నయం సారూ!"

అప్పుడు లోపలి నుంచి రాజన్న కేక వేశాడు. "సారూ, నీళ్ళు సందులకెల్లి అస్తలెవ్వు. అద్దం జరిగే కాలువ నిండి పొర్లుతున్నయి. గండి లేకుంటే మడి పొర్లదా?"

నా చెవులు వేడెక్కాయి. ఫ్రేమ్ అడుగున వీప్ హోల్స్ ఉంటాయి. కాలువలో చేరిన నీరు బయటికి పోయే సన్నని రంధ్రాలవి. ఎండాకాలం దుమ్ముగాలికి జడిసి వాటిని సిలికాన్‌తో మూయించింది నేనే. ఇసుక దేశంలో నీటికి దారెందుకు అనుకున్నాను. పరీక్షించకుండా నమ్మితే సిలికాన్ కూడా నిమ్మకాయే.

మూసిన చోటు చూపించగానే "యల్లా సారూ, కానియ్యుండ్రి!" అంటూ రాజన్న బయటికొచ్చి మేకు అందించాడు. రంధ్రాల్లో పొడవగానే నీళ్ళు ధారకట్టి నా బూట్ల మీదికి దూకాయి. కారవానంతా ఈలలు! ఆ రంధ్రాలకు దుమ్ము ఆగేలా జాలీ ముక్కలు అతికించాం. కారవాన్ కదిలిన ప్రతిసారీ కాలువను బ్రష్‌తో తుడిచి, కుదుపులకు జిగురు ఊడిందేమో చూసే పని రాజన్నకే అప్పగించాను.

పరుపు గంగారామే పరిచాడు. "శని అనుకుంటి, ఇంజినీరువైతివి గదరా!"

రాజన్న ఆ నిమ్మకాయను తెంపి మధ్యాహ్నం పప్పులో పిండాడు. గంగారాం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇక మీరు లేవండి. మీ జరిగే అద్దాల కిటికీ అడుగు రంధ్రాలు వెతికి, దుమ్ము తీసి, కాలువలో ఒక చెంబు నీళ్ళు పోసి చూడండి. అచ్చిరాని మనిషని మీ ఇంట్లో ఎవరికైనా పేరుంటే, ఆ చెంబు వారి చేతికే ఇవ్వండి.